నూట ఇరవై వచ్చింది సార్

ఎక్కడ ఆగాం? మా మామగారి నోటి దగ్గర ఆగాం.

అది మామూలు నోరు కాదు. మా ఆసుపత్రి అత్యవసర విభాగమంతా దాని మీదే నడుస్తుంది. దెబ్బలు తగిలి నెత్తురోడుతూ ఎవరు వచ్చినా సరే, రెండు చేతులకూ సూదులు గుచ్చి సెలైన్ ధారగా వదలమంటుంది. మానిటర్ తెర మీద బీపీ నూట ఇరవై చూపించేదాకా బాటిల్ మీద బాటిల్ ఎక్కించమంటుంది. ఆ అంకె రానిదే ఏ పేషెంటునూ పై అంతస్తులోని ఆపరేషన్ థియేటర్‌కి కదపకూడదంటుంది. సిస్టర్లు చాటుగా ఆయనకు పెట్టుకున్న పేరు కుంభవృష్టి. ఎదురుపడితే మాత్రం పెద్ద సార్.

అలాంటి నోరు కిందటి వారం, స్ట్రెచర్ మీద పడి ఉన్న తన చిన్నకొడుకుని చూసీ చూడగానే అన్న మాట ఇది.

"ఆపండి! మా వాడికి ఆ ఉప్పునీళ్ళు ఎక్కించకండి. రక్తం తెప్పించండి, రక్తం!"

గదిలో ఉన్నవాళ్ళంతా కొయ్యబారిపోయారు. సెలైన్ బాటిల్ తగిలించబోతున్న పెద్ద సిస్టర్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పెద్ద సార్ ఎక్కడుంటే అక్కడ ఆయన వెనకాలే ఉండే ఒక కుర్ర డాక్టరున్నాడు. అతన్ని అందరం నీడ అంటాం. ఆ నీడ కూడా విన్నది నమ్మలేక నోరు వెళ్ళబెట్టి చూశాడు.

నేను ఆశ్చర్యపోలేదు. నాకు అసహ్యం వేసింది.

ఎందుకో చెబుతాను. ఈ ఆసుపత్రిలో నేను మత్తు డాక్టర్ని, ఇంట్లో ఆయనకు పెద్దకోడల్ని. ఇన్నేళ్ళుగా ప్రతి మీటింగులోనూ లేచి నేను మొత్తుకుంటున్నది ఒకే ఒక్క విషయం. నెత్తురు పోయినవాడికి కావలసింది నెత్తురు. సెలైన్ పోస్తే పాలలో నీళ్ళు కలిపినట్టే. గిన్నె నిండుతుంది, చూసేవాడు సంతోషిస్తాడు, పాలు మాత్రం పెరగవు. పైగా ఆ నీళ్ళకు నెత్తురు పలచబడి గడ్డకట్టడం మానేస్తుంది. ఒళ్ళు చల్లబడుతుంది. ఒత్తిడి పెరిగి, గాయం మీద అప్పటికే కట్టిన గడ్డ కాస్తా ఊడి కొట్టుకుపోతుంది. మనిషి స్పృహలో ఉండి నాలుగు మాటలు మాట్లాడుతుంటే, మణికట్టు దగ్గర నాడి తెలుస్తుంటే చాలు. తలకు దెబ్బ లేనప్పుడు ఆ మాత్రం బీపీ సరిపోతుంది. అంకె కోసం వెంపర్లాడకుండా రక్తం, దాంతోపాటు గడ్డకట్టించే ప్లాస్మా ఎక్కిస్తూ, వీలైనంత త్వరగా పైకి తీసుకెళ్ళి, కారే చోటు కుట్టెయ్యాలి.

నేను ఇదంతా చెప్పి కూర్చున్నాక ఆయన నవ్వేవారు. "మా కోడలుపిల్ల పుస్తకాలు బాగా చదివింది. నేను మనుషుల్ని చదివాను," అనేవారు. మీటింగులో ఉన్నవాళ్ళంతా ఆ మాటకు పొట్టలు పట్టుకుని నవ్వేవారు. నవ్వకపోతే మర్నాటి డ్యూటీ ఎక్కడ పడుతుందో వాళ్ళకు తెలుసు. నేను ఇంటికొచ్చి ఆ మనిషికే కాఫీ కలిపి ఇచ్చేదాన్ని.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనేవాడితో వాదించవచ్చు. వాడు పాపం మూడే ఉన్నాయని నమ్ముతాడు. మా మామగారు అలా కాదు. నాలుగో కాలు ఆయనకు మొదటినుంచీ కనబడుతూనే ఉంది. దాన్ని తన కొడుకు కోసం అట్టే పెట్టుకున్నారు, అంతే.

ఆ మాట ఆయన నోటి నుంచి వచ్చినప్పుడు నా కళ్ళు వెళ్ళింది మరిది మీదికి కాదు. పక్క మంచం మీదికి.

అక్కడున్నది టైలరమ్మ. బజారు మలుపులో బ్రేకులు పోయిన వ్యానొకటి మా మరిది స్కూటర్ని ఈడ్చుకుంటూ వెళ్ళి గోడకు కొట్టింది. ఆ గోడ ఆవిడ కుట్టు దుకాణానిది. గుమ్మంలో నిలబడి ఎవరిదో జాకెట్టు కొలత సరిచూస్తున్న మనిషిని వ్యాను ముందుభాగం తలుపుకేసి అదిమేసింది. మెడలో కొలత టేపు అలాగే ఉంది. తీసుకొచ్చినప్పుడు, చీర కత్తిరించబోయిన సిస్టర్ని ఆ స్థితిలో కూడా కసిరిందట. "కత్తెర పెట్టకమ్మా, కుచ్చిళ్ళు లాగితే ఊడొస్తుంది," అందట. ఇప్పుడు అలా కసిరే ఓపిక కూడా లేదు. పొట్ట బిగుసుకుపోయింది. పెదాలు తెల్లబడ్డాయి. ఊపిరి ఎగపోస్తోంది. తలాపున రెండు సెలైన్ బాటిళ్ళు ఖాళీగా వేలాడుతున్నాయి, మూడోది సగంలో ఉంది. ఆవిడను మరిదికంటే ముందే తెచ్చారు, నేను వచ్చేలోపే, పెద్ద సార్ పద్ధతి ప్రకారం, పోసేశారు. అంకె ఒకసారి నూట పది దాకా ఎగబాకి అందర్నీ మురిపించి, డెబ్బైకి జారింది.

నేను వెళ్ళి ఆ గొట్టానికున్న చిన్న చక్రం తిప్పి ధార ఆపేశాను.

"ఆవిడది ఎందుకాపావ్?" అన్నారు మామగారు.

"మీరేగా సార్ ఆపమన్నారు."

"నేనన్నది మా వాడి సంగతి."

"నెత్తురు పోతే మీ వాడికి ఒకలా, ఈవిడకు ఒకలా ఉంటుందా సార్?"

ఆసుపత్రిలో నేను ఆయన్ని సార్ అనే పిలుస్తాను. ఇంట్లో మామయ్యగారూ అంటాను. ఇన్నేళ్ళలో ఏనాడూ కలగలపలేదు. ఆయన కూడా ఇక్కడ డాక్టర్ అంటారు, అక్కడ అమ్మాయ్ అంటారు. అలాంటిది ఆ రోజు మొదటిసారి, అందరి ముందూ, "అమ్మాయ్, నోరు మూసుకుని వాడి సంగతి చూడు," అన్నారు.

చూశాను. చూడకపోవడమేం? వాడు నాకు తమ్ముడి లెక్క. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆ ఇంట్లో నాతో నవ్వుతూ మాట్లాడిన మనిషి వాడొక్కడే. నేను మాడ్చిన కూరలన్నీ వాడే తిని, "వదినా, అడుగంటిందే అసలు రుచి," అని మా అత్తగారి నోరు మూయించేవాడు.  వాళ్ళన్నయ్య, అంటే మా ఆయన, నెత్తురు చూస్తే కళ్ళు తిరిగి పడిపోయే రకం. ఆయన్ని వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టాం. కాసేపటికి పడుకోబెట్టాం. ఆ వంశానికి అదొక్కటే తక్కువైంది.

మరిదికి దెబ్బ గజ్జలో తగిలింది, పట్టీ బిగించి కట్టడానికి చోటులేని చోట. గాయంలోకి గాజుగుడ్డ కుక్కి, పైన బలంగా అదిమి కట్టేసరికి కారడం ఆగింది. అంకె తొంభై. నాడి అందుతోంది. నోరు ఎప్పటిలాగే ఆడుతోంది.

"వదినా, నేను పోతానా?"

"ఇంత వాగేవాడు పోడు."

"మరి నాన్న మొహం అలా ఉందేంటి?"

"ఎప్పుడూ అలాగే ఉంటుంది. నువ్వు ఇవాళ పడుకుని చూస్తున్నావు, అంతే."

నవ్వాడు. నవ్వు నొప్పి పుట్టించి మూలిగాడు.

"చూడు," అన్నాను చెవి దగ్గర. "నువ్వు మాట్లాడుతూనే ఉండాలి. ఏదో ఒకటి. స్కూటర్ని తిట్టు, మీ అన్నయ్యను తిట్టు, నన్నైనా తిట్టు. నోరు మాత్రం ఆపకు. నాకు తెరలూ అంకెలూ అక్కర్లేదు. నీ గొంతు వినబడితే చాలు."

"ఇన్నాళ్ళకు నా వాగుడికి విలువిచ్చే డాక్టరు దొరికింది," అని మొదలుపెట్టాడు.

ఈలోపు రక్తం రావాలి. రాలేదు. ఎందుకు రాలేదంటే అదొక భాగోతం.

ఒకప్పుడు ఇదే గదిలో, ఈ మూలన, ఫ్రిజ్ ఒకటుండేది. ఎవరికైనా సరిపడే గ్రూపు రక్తం, ప్లాస్మా, ఎప్పుడూ అందులో సిద్ధంగా ఉండేవి. చెయ్యి చాపితే అందేవి. దాన్ని పెద్ద సార్ వెనక బిల్డింగులోని రక్తనిధికి పంపించేశారు. గుయ్‌మని మోత పెడుతోందట. గది చూడ్డానికి వచ్చే పెద్దమనుషులకు ఆ ఎర్ర సంచీలు కనబడి కడుపులో తిప్పుతోందట. ఫ్రిజ్ ఉన్న చోట ఇప్పుడు అద్దాల బీరువా ఉంది. అందులో ఆయనకు వచ్చిన కప్పులూ, జ్ఞాపికలూ, పెద్దపెద్దవాళ్ళ పక్కన ఇకిలిస్తూ దిగిన ఫొటోలూ ఉన్నాయి. దాని పైన గోడకు బోర్డు. 'ఈ గదిలో ఏ ప్రాణమూ పోలేదు' అని బంగారు రంగు అక్షరాలు.

ఆ అక్షరాల్లో అబద్ధం ఒక్కటీ లేదు. ఈ గదిలో పోలేదు. నూట ఇరవై తెప్పించుకుని, లిఫ్టెక్కి, పైకి వెళ్ళి పోయారు. పైన పోతే ఆ చావు థియేటర్ వాళ్ళది. కుంభవృష్టి గారి గది మాత్రం కడిగిన ముత్యం.

అటెండరు ఐసు పెట్టె మోసుకుంటూ రొప్పుతూ వచ్చాడు. పెద్ద సిస్టర్ మూత తీసింది. లోపల నాలుగు రక్తం బ్యాగులు, వాటి పక్కన అప్పుడే కరిగించిన ప్లాస్మా.

"ఇవే ఉన్నాయంట మేడమ్," అంది సిస్టర్. "మిగతావి గ్రూపు చూసి, పరీక్ష చేసి పంపాలంట. టైం పడుతుందంట."

మామగారు ముందుకొచ్చి పెట్టె మీద చెయ్యి వేశారు. "అన్నీ మా వాడికి పెట్టండి."

"ఎందుకు?" అన్నాను.

"ఎందుకేంటి? పిచ్చా నీకు? వాడికి నెత్తురు పోయింది!"

"పోయింది, ఆగింది. వాడు మాట్లాడుతున్నాడు, వినండి. ఈవిడకు లోపల పోతూనే ఉంది. ఈవిడ మాట్లాడ్డం లేదు. ఇప్పుడు రక్తం ఎవరికి పెట్టాలో మొదటి ఏడాది చదివే పిల్లల్ని అడిగినా చెబుతారు."

"ఆవిడకు సెలైన్ మళ్ళీ వదలండి. అంకె వస్తుంది."

"వస్తే?"

ఆయన పెట్టెను తన వైపు లాక్కున్నారు.

"చెప్పండి సార్. వస్తే ఏమవుతుంది? మీ వాడికి మాత్రం ఎందుకు వద్దన్నారు? నీళ్ళు నమలకండి. ఎలాగూ ఇన్నాళ్ళూ అందరికీ అవే పోశారు."

గది మొత్తం వింటోంది. ఆయన నా మోచెయ్యి పట్టుకుని అద్దాల బీరువా దగ్గరికి లాక్కెళ్ళారు. ఇంట్లో కూడా ఎప్పుడూ నన్ను తాకి మాట్లాడి ఎరగరు. గొంతు తగ్గించి, దాదాపు బతిమాలుతున్నట్టు మొదలుపెట్టారు.

"నాకు తెలియదనుకున్నావా? నీకంటే ముందునుంచీ తెలుసు. కానీ రక్తం అంటే ఎంత యాతనో తెలుసా? దాతల్ని పట్టుకోవాలి, ప్రతి బ్యాగుకీ సంజాయిషీ చెప్పుకోవాలి, తేడా వస్తే తిట్లు తినాలి. సెలైన్ గురించి ఎవడూ అడగడు. పోస్తే అంకె వస్తుంది, బంధువులకు ధైర్యం వస్తుంది, మన మీదికి మాట రాదు. ఆ పైన జరిగేది పైవాళ్ళు చూసుకుంటారు. పెద్ద ఆసుపత్రి నడపడమంటే ఇదే అమ్మాయ్. నీకు అర్థం కాదు."

అర్థమైంది.  ఎంతమందిని నేను పైన బల్ల మీద అందుకున్నాను! మంచులా చల్లబడ్డ ఒళ్ళు, గులాబీ నీళ్ళలా కారే నెత్తురు, ఎక్కడ కుట్టినా పక్కనుంచి ఊరుతూనే ఉండేది. నా చేతుల కింద పోయారు వాళ్ళంతా. ఈయనకు తెలియక అలా చేస్తున్నాడనుకుని, ఒక్కోసారి ఇంటికొచ్చి జాలిపడేదాన్ని. పాతకాలపు మనిషి, నేర్చుకున్నది వదులుకోలేకపోతున్నాడు అనుకునేదాన్ని. ఆ జాలి మొత్తం ఆ క్షణంలో ఉమ్మెయ్యాలనిపించింది.

"మామయ్యగారూ," అన్నాను. కావాలనే అన్నాను, గదిలో అందరికీ వినబడేలా అన్నాను. "మీరు మూర్ఖుడని ఇన్నాళ్ళూ గౌరవించాను. ఇక ఆ గౌరవం కూడా లేదు. చెయ్యి వదలండి."

వదిలారు.

"సిస్టర్, మొదటి బ్యాగు టైలరమ్మకు. వెచ్చబెట్టే మెషిన్ లోంచి పోనివ్వండి. ప్లాస్మా ఇంకో చేతికి. గడ్డకట్టించే ఇంజెక్షను ఇప్పుడే చెయ్యండి, ఆ తర్వాత కాల్షియం."

చెప్పేటప్పుడు నా గొంతు గట్టిగానే ఉంది. లోపల మాత్రం భయమేసింది. వాడికి ఏదైనా అయితే ఆ ఇంట్లో నేను మళ్ళీ అన్నం తినగలనా అనిపించింది. కానీ పక్క మంచం మీదనుంచి వాడి గొంతు వినబడుతూనే ఉంది. స్కూటరుకు మొన్ననే కొత్త టైర్లు వేయించాడట. వ్యాను డ్రైవరు కనబడితే ముందు టైర్ల సంగతి తేల్చుకుంటాడట.

పెద్ద సిస్టర్ ఒక్క క్షణం పెద్ద సార్ మొహం చూసింది. తర్వాత నా మొహం చూసింది. బ్యాగు అందుకుని టైలరమ్మకు తగిలించింది.

మామగారు అవమానంతో ఎర్రబడ్డారు. నీడ వైపు తిరిగి, "వాణ్ణి నీకు అప్పగిస్తున్నాను. ఏమైనా అయిందంటే నీ అంతు చూస్తాను," అని, రక్తనిధి వాళ్ళ మీద ఫోన్లో గొంతు చించుకోవడానికి వరండాలోకి వెళ్ళారు. వెళుతూ వెళుతూ, రెండు మంచాల మధ్య ఉన్న అడ్డుతెర సర్రున లాగేశారు. ఆవిడ మొహం చూడాల్సిన అవసరం తనకు లేదన్నమాట.

రెండో బ్యాగు సగమయ్యేసరికి టైలరమ్మ కళ్ళు తెరిచింది. పెదాలకు కాస్త రంగొచ్చింది. నాడి మణికట్టు దగ్గర సన్నగా, సందేహంగా, తగిలింది. అంకె ఎనభై అయిదు. నాకు అంతే కావాలి.

పై అంతస్తులో కోత డాక్టరు ఉన్నాడు. మంచి చెయ్యి, వెన్నెముక లేదు. ఫోన్ చేశాను.

"పొట్ట లోపల కారుతోంది. ఇప్పుడే తెస్తున్నాను, బల్ల సిద్ధం చెయ్యండి."

"నూట ఇరవై వచ్చిందా మేడమ్?"

"రాలేదు. రాదు. వచ్చేదాకా ఆగితే మీకు కత్తితో పనుండదు."

"పెద్ద సార్ ఏమంటారో..."

"పెద్ద సార్ తన కొడుక్కి సెలైన్ వద్దన్నారు. గది గదంతా విన్నారు. ఆ సంగతి ఆసుపత్రి మొత్తం తెలిసేలోపు మీరు ఎటువైపు నిలబడతారో తేల్చుకోండి."

అవతల బల్ల దీపాలు వెయ్యమని ఎవరితోనో అనడం వినబడింది. తర్వాత, "తీసుకురండి," అన్నాడు. గోడ మీద పిల్లి ఇవతలికి దూకింది. ధైర్యం వచ్చి దూకిందా, గోడ కూలుతోందని దూకిందా అని నేను అడగలేదు.

టైలరమ్మను ట్రాలీ మీదికి మారుస్తున్నాం. తెర వెనకనుంచి మరిది పిలిచాడు.

"వదినా, చలేస్తోంది."

"దుప్పటి కప్పు," అని నీడకు కేకేశాను.

"కప్పాను మేడమ్," అన్నాడు నీడ.

దెబ్బ తగిలినవాడికి చలేయడం మామూలే అనుకున్నాను. మూడో బ్యాగు తగిలించాం. నాలుగోది ఐసు పెట్టెలో ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టాం, లిఫ్టులో అవసరం పడుతుందని. టైలరమ్మ చెయ్యి నా కోటు అంచును తడిమింది. అంచు మడత కుట్టు ఊడి చాలా రోజులైంది.

"ఎవరు కుట్టారిది?" అంది గాలిలాంటి గొంతుతో.

"ఎవరో. బాగయ్యాక నువ్వే కుడుదువుగాని."

"చెత్తగా కుట్టారు," అంది. ఆ గదిలో ఆ రోజు నేను విన్న ఏకైక నిజాయితీ గల అభిప్రాయం అదే. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"వదినా... దాహం..."

"తెచ్చేస్తున్నారు, ఆగు. నువ్వు మాట్లాడు," అన్నాను ట్రాలీ నెడుతూ. గది చివరనే ఉన్న లిఫ్టు దగ్గర పెద్ద సిస్టర్ బటన్ నొక్కింది. అది ఏ అంతస్తులోనో ఇరుక్కుని ఆలోచిస్తోంది. వరండాలోంచి మామగారు ఫోను జేబులో పెట్టుకుంటూ లోపలికి వచ్చారు.

అప్పుడు తెలిసింది, వాడు మాట్లాడ్డం లేదని.

ఎప్పుడు ఆపాడు? దాహం అన్న తర్వాత ఏమైనా అన్నాడా? నాకు గుర్తు రాలేదు. వెనక్కి తిరిగాను. నేను తెర దగ్గరికి చేరేలోపే దాని వెనకనుంచి నీడ గొంతు ఖంగుమంది. పరీక్ష పాసైనవాడి సంతోషం ఉంది అందులో.

"నూట ఇరవై వచ్చింది సార్!"

తెర లాగాను.

తలాపున ఒక్కో చేతివైపు రెండేసి సెలైన్ బాటిళ్ళు వేలాడుతున్నాయి, అన్నీ ఖాళీ. ధార చాలక వాటిని చేత్తో పిండినట్టున్నాడు, సొట్టలు పడి ఉన్నాయి. మానిటర్ మీద అంకె ముచ్చటగా నూట ఇరవై. దాని కింద మా మరిది కళ్ళు సగం మూసి, నోరు కొద్దిగా తెరిచి, పలక్కుండా ఉన్నాడు. గజ్జ దగ్గర అంతసేపూ పొడిగా ఉన్న కట్టు తడిసిపోయింది. మంచం అంచు నుంచి నేల మీదికి కారుతోంది. నెత్తురులా లేదు. నెత్తురు కడిగిన నీళ్ళలా ఉంది.

నేను రెండు చేతులూ ఆ గాయం మీద పెట్టి నా బరువంతా వేశాను. "గొట్టాలు మూసెయ్! కొత్త గాజుగుడ్డ తీసుకురా! కదులు!"

"ఎవడు... ఎవడు పొయ్యమన్నాడ్రా?" అన్నారు మామగారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

నీడ బిత్తరపోయాడు. "మీరే కదా సార్."

"ఆపమన్నాను కదరా! అందరి ముందూ అరిచాను కదరా!"

"కొడుకుని అలా చూసిన బాధలో ఏదో అనేశారనుకున్నాను సార్. అంకె తొంభై కంటే పైకి రావట్లేదు. అందుకే మన పద్ధతే పాటించాను." అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేర్పింది మీరు. మీ మాట నాకు తెలియదా సార్?"

పాపం, అతనొక్కడే ఆ మాటల్ని నమ్మాడు. ఊరందరికీ అమ్మిన సరుకు ఒక్కడు ఇంటికి తెచ్చి ఇచ్చాడు.

మామగారు కొడుకు చెంప మీద తట్టారు. పిలిచారు. వాడు పలకలేదు. అంకె నూట ఇరవై నుంచి నూరుకి, నూరు నుంచి ఎనభైకి దిగడం మొదలుపెట్టింది. ఆయన దాన్నే చూస్తూ ఉండిపోయారు. అరచేతులు రెండూ గాలిలో పెట్టి, ఏం చెయ్యాలో తెలియనట్టు నిలబడ్డారు. ఇన్నేళ్ళలో ఆ గదిలో చక్రం తిప్పడం తప్ప మరో పని చెయ్యాల్సిన అవసరం ఆయనకు రాలేదు.

ఉన్నట్టుండి గిరుక్కున తిరిగి ట్రాలీ దగ్గరికి పరిగెత్తారు. టైలరమ్మ కాళ్ళ దగ్గరున్న ఐసు పెట్టె మూత పీకి, నాలుగో బ్యాగు తీసుకున్నారు.

"సార్!" అంది పెద్ద సిస్టర్. "ఆవిడ బ్యాగు అయిపోవస్తోంది సార్. పొట్ట మళ్ళీ బిగుస్తోంది. దారిలో ఏమైనా అయితే..."

ఆయన వినలేదు. బ్యాగు గుండెలకు హత్తుకుని నా దగ్గరికి వచ్చారు. నేను నీడ చేతుల్ని లాగి గాయం మీద పెట్టి, "కదిలావంటే చంపేస్తాను," అని ఆయనకు ఎదురు వెళ్ళాను. లాక్కుందామనే వెళ్ళాను. కానీ ఆయనే నా చేతికిచ్చేశారు. కప్పులూ జ్ఞాపికలూ అందుకున్న చేతులవి.

"నువ్వే అన్నావు కదమ్మా," అన్నారు. "ఎవరికి ఎక్కువ పోతుంటే వాళ్ళకని. అందరి ముందూ అన్నావు. నీ మాట మీదే నిలబడు. ఇప్పుడు ఎవరికి పోతోంది? చూడు. చూసి చెప్పు."

అంత నీచుడు అంత సరైన ప్రశ్న అడుగుతాడని నేననుకోలేదు. ఇన్నాళ్ళూ నేను మొత్తుకున్న మాటనే తీసుకొచ్చి నా చేతిలో పెట్టాడు.

బ్యాగు చల్లగా ఉంది. ఇంకో పెట్టె ఇంకా వెనక బిల్డింగులోనే ఉంది. ట్రాలీ పక్కన పెద్ద సిస్టర్ నన్నే చూస్తోంది. టైలరమ్మ తన మెడలోని కొలత టేపును పిడికిట్లో పట్టుకుని కళ్ళు మూసుకుంది.

లిఫ్టు తలుపు తెరుచుకుంది.

మంచం మీద నన్ను వదినా అని పిలిచే నోరు మాత్రం మెదల్లేదు.